కుక్క కూర్చున్న గడప

మొన్నామధ్య మా అమ్మాయి ఉంటున్న అపార్టుమెంటులో మీటింగు పెట్టారు. పై అంతస్తులో పట్టపగలు దొంగతనం జరిగింది. గేటు దగ్గర ఇంకో కెమెరా పెట్టాలా, మెట్ల దగ్గర పెట్టాలా అని వాదన. రిటైరైన పోలీసాయన ఉన్నాడు కదా అని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక కుర్రాడు, "మీ రోజుల్లో కెమెరాలు లేవు కదా అంకుల్, దొంగల్ని ఎలా పట్టేవాళ్లు?" అని అడిగాడు. "కుక్కతో" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు గానీ, నవ్వారు కాబట్టి ఊరుకున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మీలాంటి కుర్రవాళ్ల కోసమే రాస్తున్నాను. ముసలివాళ్లకు ఇవన్నీ తెలుసు, తెలిసీ ఏం చేయలేదు.

ముందు నా తెలుగు గురించి ఒక మాట. మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. జొన్న, పత్తి, మిరప. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నా చదువంతా తమిళంలోనే సాగింది. తెలుగు అక్షరాలు ఉద్యోగం అయిపోయాక మనవరాలి వాచకాల్లో నేర్చుకున్నాను. అందుకని మీరు చదువుతున్నది పుస్తకాల తెలుగు. మా ఇంటి తెలుగులో రాస్తే మా మనవరాలు ముక్కు మీద వేలేసుకుంటుంది.

తొంభైల చివర్లో నేను విరుదునగర్‌లో పోలీసు కుక్కల దళంలో ఉండేవాణ్ణి. కుక్కను పెంచడం, శిక్షణ ఇవ్వడం, నేరం జరిగిన చోటికి తీసుకెళ్లడం నా పని. నాది డాబర్‌మన్ ఆడకుక్క. ఆఫీసు కాగితాల్లో దానికి ఏదో దొరసాని పేరుండేది. నేను చిట్టీ అని పిలిచేవాణ్ణి. ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులో ఇవ్వాలి, అది మాకు నేర్పిన పద్ధతి. మిగతా కబుర్లన్నీ నేను దానితో తెలుగులోనే చెప్పుకునేవాణ్ణి. అమ్మ, భార్య, పిల్లలు కోవిల్‌పట్టిలో ఉండేవాళ్లు. బస్సెక్కితే గంట పైచిలుకు ప్రయాణం, అంతే. కానీ చిట్టి నా చేతి తిండి తప్ప ఇంకొకరిది ముట్టదు. దాన్ని చూసుకోవాల్సిన రెండో మనిషి పోస్టు ఖాళీగా పడి ఉండేది. సెలవు అడిగితే పై అధికారి, "నువ్వు వెళ్లు, కుక్క ఒప్పుకుంటే" అనేవాడు. కూతవేటు దూరంలో సంసారం ఉండీ నేను సన్యాసి బతుకు బతికాను. నా భాషలో మాట్లాడటానికి ఊరు మొత్తం మీద నాకున్నది ఒక కుక్క. ఇది జాలి కోసం చెప్పడం లేదు, తర్వాత జరిగింది అర్థం కావాలంటే తెలియాలి.

రైలు పట్టాలకు అవతల ఒక కాలనీ ఉండేది. రెండు వరసల ఇళ్లు, మధ్యలో సిమెంటు రోడ్డు. చాలా ఇళ్లలో మొగుడూ పెళ్లామూ ఇద్దరూ ఉద్యోగస్థులే. టీచర్లు, నర్సులు, నూనె మిల్లుల్లో, పప్పు మిల్లుల్లో గుమాస్తాలు. పొద్దున తాళాలు వేసుకుని వెళ్తే సాయంత్రానికి గానీ రారు. అటువంటి వీధులంటే పగటి దొంగలకు పండగ. చుట్టుపక్కల కాలనీల నుంచి స్టేషన్‌కు ఫిర్యాదులు వస్తూనే ఉండేవి. సైకిళ్లు, బిందెలు, మెడలో గొలుసులు, ఆరేసిన పట్టుచీరలు. ఈ వీధి నుంచి మాత్రం ఎప్పుడూ ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఎందుకో మా వాళ్లెవరూ ఆలోచించలేదు. ఫిర్యాదు రాని చోటు గురించి పోలీసువాడు ఎందుకు ఆలోచిస్తాడు?

కారణం మూడో ఇంట్లో ఉండేది. అరవై దాటిన ఆవిడ. భర్త ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరయ్యాక పోయాడు. పిల్లలు లేరు. వీధంతా ఆవిణ్ణి ఆచ్చీ అని పిలిచేది, అంటే ఆ పక్క తమిళంలో అమ్మమ్మ. ఆ వీధిలో ఒక అలవాటుండేది. పొద్దున పనికి వెళ్లేటప్పుడు ప్రతి ఇంటివాళ్లూ తమ తాళంచెవి ఆచ్చికి ఇచ్చి వెళ్లేవాళ్లు. ఆవిడ ముందు గదిలో గోడకు మేకులు వరసగా కొట్టించి ఉంచింది. ఎవరి మేకు వాళ్లది. బడి నుంచి వచ్చిన పిల్లలు తాళంచెవి తీసుకుని, ఆవిడ పెట్టిన వేయించిన పల్లీలో, మురుకో తిని ఇంటికి పోయేవాళ్లు. గ్యాస్ సిలిండర్ వస్తే ఆవిడే వెళ్లి తలుపు తెరిచి, లోపల పెట్టించి, మళ్లీ తాళం వేసేది. మధ్యాహ్నం నిద్రపోయేది కాదు. అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తూ, వీధిలోకి వచ్చే ప్రతి కొత్త మొహాన్నీ, "ఎవరింటికి?" అని అడిగేది. జీతం లేదు, బత్తెం లేదు. ఎవరన్నా దీపావళికి చీర పెడితే తీసుకునేది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదటిసారి ఆ వీధిలోకి వెళ్లిన రోజు ఏమీ తెలియదు.

ఒక ఎండాకాలపు మధ్యాహ్నం కబురొచ్చింది. వీధి చివర టీచరమ్మ ఇంట్లో నగలు పోయాయి. తాళం పగలగొట్టలేదు. తాళంచెవితో తీసిన తాళం గొళ్లానికి అలాగే వేలాడుతోంది. బీరువా ఖాళీ. నేను చిట్టితో వెళ్లేసరికి వీధి నిండా జనం. ఆరోజు పరీక్షలని బళ్లు త్వరగా వదిలారు. కుక్క వస్తుందని తెలిసి పక్క వీధులవాళ్లు కూడా వచ్చి గోడలెక్కారు.

ఇక్కడ కొంచెం వృత్తి సంగతి చెప్పాలి. కుక్కకు దొంగ ఎవరో తెలియదు. మనం చూపించిన వస్తువు మీద ఎవరి వాసన ఉందో, ఆ మనిషి ఏ దారిన నడిచాడో అంతే తెలుసు. అందుకే రిపోర్టులో మేం "కుక్క ఫలానా చోటి వరకు వెళ్లి కూర్చుంది" అని మాత్రమే రాస్తాం. దొంగ దొరికాడని రాయం. ఇది మాకు శిక్షణలో మొదటి రోజే చెప్తారు. జనానికి ఎవరూ చెప్పరు. జనం దృష్టిలో కుక్క అంటే జడ్జి, కూర్చుంటే తీర్పు.

ఇన్‌స్పెక్టర్ ఆ తాళాన్నే చూపించమన్నాడు. చిట్టి వాసన చూసింది. ముందు వీధి మొగ దాకా పరుగెత్తి, అక్కడ గుండ్రంగా తిరిగి, ముక్కు పైకెత్తి నిలబడిపోయింది. అలా చేస్తే దొంగ అక్కణ్ణుంచి బండెక్కాడని నాకు అర్థమైంది, ఇన్‌స్పెక్టర్‌కూ అర్థమైంది. అంతటితో ఆపించి ఉంటే ఈ కథ లేదు. ఆయన మళ్లీ చూపించమన్నాడు. చూపించాను. ఈసారి చిట్టి వెనక్కి తిరిగి, జనాన్ని చీల్చుకుంటూ నేరుగా మూడో ఇంటికి వెళ్లి, గడప ముందు కూర్చుంది.

అంతసేపూ కేరింతలు కొట్టిన పిల్లలు వెనక్కి జరిగారు. ఆచ్చి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ జనం వైపు చూడలేదు, ఇన్‌స్పెక్టర్ వైపు చూడలేదు. నాలుక బయటపెట్టి రొప్పుతున్న కుక్కను చూసి, తనలో తాను అనుకున్నట్టు తెలుగులో అంది.

"దప్పికగా ఉండాదే దీనికి. నీళ్లు పెడుదునా?"

ఊరుకాని ఊళ్లో, నెలల తరబడి మనిషి నోట వినని మాట. నా ప్రమేయం లేకుండానే జవాబు వచ్చేసింది. "వద్దు పెద్దమ్మా, బయటి నీళ్లు తాగదు ఇది."

ఇన్‌స్పెక్టర్ తల తిప్పి నన్ను చూశాడు. ఆవిడ నీకు తెలుసా అని తమిళంలో అడిగాడు. తెలియదన్నాను. ఆయన నమ్మలేదు. ఒకే ఇంటి భాష మాట్లాడే ఇద్దరికి ఒకరికొకరు తెలియదంటే ఆ పక్క ఎవరూ నమ్మరు.

తర్వాత ప్రశ్నలు. టీచరమ్మ ఇంటి తలుపు తీశావా అంటే తీశానంది. పొద్దున గ్యాస్ వచ్చింది, తీసి, పెట్టించి, తాళం వేశానంది. తాళంచెవి ఎక్కడిదంటే, మేకుకు ఉందంది. ఇన్‌స్పెక్టర్ లోపలికి వెళ్లి ఆ గోడ చూసి బయటికొచ్చాడు. వీధి వీధంతా తాళంచెవులు ఈమె దగ్గరే ఉన్నాయా అని గట్టిగా అడిగాడు. నేను ఇప్పటికీ మరిచిపోలేనిది ఆ క్షణమే. రోజూ పొద్దున తమ చేతులతో తెచ్చి ఇచ్చే తాళంచెవులు అవి. ఆ మేకులు ఎవరికి తెలియవు? ఆవిడ చెయ్యి తగలని తాళం ఆ వీధిలో ఒక్కటైనా ఉందా? ఆ మాట ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు పైకి అంటే సరిపోయేది. ఎవరూ అనలేదు. అందరూ కొత్తగా వింటున్నట్టు నిలబడ్డారు. వెనకనుంచి ఎవరో, కంచే చేను మేస్తే ఇంకేం చేస్తాం అన్నారు.

నేను ఇన్‌స్పెక్టర్‌ని పక్కకు పిలిచి చెప్పాను. సార్, పొద్దున ఆమె తాళం వేసింది కాబట్టి కుక్క ఆమె దగ్గరికి వచ్చింది, అంతకు మించి దీనికి అర్థం లేదు అన్నాను. ఆయన నా భుజం తట్టి, మీ మనిషి మీద నీకు అభిమానం ఉండటం సహజమే అన్నాడు. నేను ఆవిడకు తమిళంలోనే ఒక మాట అని ఊరుకుని ఉంటే నా మాటకు విలువ ఉండేదేమో. కుక్కకు దప్పికేమో అన్న మనిషికి జవాబివ్వకుండా ఉండటం ఎలాగో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

ఆవిణ్ణి జీపులో తీసుకెళ్లారు. కొట్టలేదు, తిట్టలేదు. ఆడ కానిస్టేబుల్ పక్కన బల్ల మీద కూర్చోబెట్టి అడిగిందే అడిగారు. చీకటి పడకముందే పంపించేశారు. ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడని మీరు అనుకోవద్దు. పై నుంచి ఒత్తిడి, ముందు పేపరు వాళ్లు. పద్ధతి ప్రకారం చేశాడు. కానీ ఆవిడ తిరిగొచ్చేసరికి ముందు గదిలో గోడ మీద మేకులు మాత్రమే మిగిలాయి. ఎవరి తాళంచెవి వాళ్లు గుర్తుపట్టి తీసుకెళ్లిపోయారు.

కొన్ని వారాలకు దొంగ దొరికాడు. టీచరమ్మ ఇంట్లో అంతకుముందు అద్దెకున్నవాళ్ల బావమరిది. ఆ ఇంటి తాళానికి ఎప్పుడో మారు తాళంచెవి చేయించుకుని ఉంచుకున్నాడు. ఇల్లు మారినా ఇంటి యజమాని తాళం మార్చలేదు. నగలు వేరే ఊళ్లో కుదువ పెట్టబోయి చిక్కాడు. అంతే. ఇందులో నా గొప్పతనమూ లేదు, చిట్టి గొప్పతనమూ లేదు.

ఆ కబురు వినగానే నేను ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి ఒక కోరిక కోరాను. కుక్కను మళ్లీ ఆ వీధికి తీసుకెళ్లనివ్వండి అన్నాను. ఎందుకన్నాడు. కుక్క వల్ల పోయిన పరువు కుక్క వల్లే తిరిగి రావాలి సార్ అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టి, నేనూ వస్తాను అన్నాడు. వచ్చాడు కూడా. ఆ ఒక్క పనికి నేను ఆయన్ను ఇప్పటికీ గౌరవిస్తాను.

ఆదివారం పొద్దున. వీధంతా ఇళ్లలోనే ఉంది. టీచరమ్మ చేత వాళ్లింటికి తాళం వేయించి, నీకిష్టమైన చోటికి వెళ్లి నిలబడమ్మా అన్నాను. ఆమె వెళ్లి ఇస్త్రీ బండి వెనక దాక్కుంది. చిట్టికి ఆ తాళం చూపించాను. అది వెళ్లి ఇస్త్రీ బండి దగ్గర టీచరమ్మ కాళ్ల ముందు బుద్ధిగా కూర్చుంది. ఎవరో నవ్వారు. ఇంకో ఇల్లు. మిల్లు గుమాస్తా తాళం వేసి మేడెక్కాడు. చిట్టి మేడెక్కింది. అప్పుడు ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచి, మీ ఇళ్లల్లో మీరే దొంగలా అని అడిగాడు. అందరికీ అర్థమైంది. ఇస్త్రీ బండి ఆయన, అయితే ఇది దొంగను పట్టే కుక్క కాదు సార్, పోస్టుమాన్ అన్నాడు. వీధంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

టీచరమ్మ ఏడ్చుకుంటూ ఆచ్చి ఇంట్లోకి వెళ్లి ఆవిడ చేతులు పట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ వెళ్లారు. ఆవిడ అందరికీ మజ్జిగ ఇచ్చింది. నాకు ఇచ్చేటప్పుడు మాత్రం, ఇది తాగదు గద, నువ్వన్నా తాగు అంది. ఆ రోజు నేను క్వార్టర్స్‌కు తిరిగి వెళ్తూ చిట్టితో, అయిపోయిందే, మంచి పని చేసినావు అన్నాను. సర్వీసులో నాకు నిజంగా సంతోషం కలిగిన రోజుల్లో అదొకటి. అమాయకుణ్ణి.

మర్నాడు పొద్దున ఎవరూ తాళంచెవి ఇవ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు.

అనుమానం వల్ల కాదు. అనుమానమైతే తీర్చే దారి ఉంటుంది. సిగ్గు. ఏ మొహం పెట్టుకుని వెళ్లి మళ్లీ ఇవ్వాలి అని ఒక్కొక్కరూ అనుకున్నారు. పక్కవాళ్లు ఇస్తే మనమూ ఇద్దాం అనుకున్నారు. పక్కవాళ్లూ అదే అనుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, పాపాన్ని పంచుకున్నంత తేలిగ్గా దాన్ని తిరిగి పోగుచేయలేం. పైగా ఈలోగా అందరూ కొత్త తాళాలు కొన్నారు. పిల్లల మెడల్లో తాళంచెవులు దారంతో వేలాడుతున్నాయి. గ్యాస్ మనిషి సిలిండర్ దించకుండా వెళ్లిపోతున్నాడు. కిటికీలకు ఇనప చట్రాలు బిగించుకున్నారు. ఆచ్చి కూడా అడగలేదు. అడిగే మనిషి కాదు. నా తాళంచెవులు నాకివ్వండి అని ఎవరడుగుతారు?

ఆవిడ అరుగు మీద కూర్చోవడం మానేసింది. కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు తలదించుకుని వెళ్తున్నారట, అది చూడలేక లోపలే ఉండేది. మధ్యాహ్నాలు ఆ వీధిలో కాకి అరుపు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ ఏడాదే ఆ వీధి నుంచి మా స్టేషన్‌కు మొదటి సైకిలు ఫిర్యాదు వచ్చింది, తర్వాత గొలుసు, తర్వాత ఇంకో ఇల్లు. పై అధికారి గోడ మీది పటంలో ఆ వీధి దగ్గర ఎర్ర గుండుసూదులు గుచ్చి, అక్కడ బీటు, అంటే గస్తీ, పెంచాలన్నాడు. పెంచాం. ఎవరింటికి అని అడిగే మనిషిని మాత్రం ఏ బీటులోనూ వేయలేం కదా.

చిట్టిని సాయంత్రాలు నడిపించే నెపంతో నేను ఆ వీధి మీదుగా వెళ్లడం మొదలుపెట్టాను. ఆవిడ తలుపు తీసేది. ఆవిడది ఒట్టపిడారం అవతల పల్లె. తమ ఊరి మిరపకాయ ఘాటని ఆవిడ, మా ఊరి జొన్న రుచని నేను. ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. మా అమ్మ వాడే మాటలు, నేను మరిచిపోయిన మాటలు ఆవిడ నోట వచ్చేవి. మొగుడు పోయినాక ఇంట్లో తెలుగు మాట్లాడేందుకు ఎవరూ లేరని, దేవుడి పటం ముందు ఒక్కతే మాట్లాడుకుంటానని ఒకసారి చెప్పింది. నేను కుక్కతో మాట్లాడతానన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. నవ్వాక కళ్లు తుడుచుకుంది. నవ్వడం వల్లే తుడుచుకుందని నేను అనుకోలేదు.

మేకులు తీసేయకూడదా పెద్దమ్మా అని ఒకసారి అడిగాను. తీస్తే గోడకు బొక్కలు పడతాయి అంది. ఉండనీ, సుమ్మా, ఊరికే ఉండాయి గద అంది.

రెండో మనిషి పోస్టు చివరికి నింపారు. వచ్చినవాడి చేతి తిండికి చిట్టి అలవాటు పడేదాకా ఆగి, నాలుగేళ్లలో మొదటిసారి పది రోజులు సెలవు పెట్టాను. అప్పటికి నేను క్వార్టర్స్ వదిలి, ఆచ్చి వీధికి పక్క వీధిలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. కోవిల్‌పట్టి బస్సుకు వెళ్లే ముందు ఆవిడ ఇంటికి వెళ్లాను. ముందే అనుకుని వెళ్లాను. గది తాళంచెవి చేతికిచ్చి, నేనొచ్చేదాకా నీ మేకుకు తగిలించి పెట్టు పెద్దమ్మా అన్నాను. ఒక పోలీసువాడు ఇచ్చాడంటే వీధి చూస్తుంది, ఒకరు ఇస్తే మిగతావాళ్లకూ దారి దొరుకుతుంది అని నా లెక్క.

ఆవిడ తాళంచెవి అందుకోలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నా మొహంలోకి చూసింది. కోపం లేదు. ఊరికి వెళ్లే బిడ్డకు జాగ్రత్త చెప్పే గొంతుతోనే అంది.

"వద్దు నాయనా. రేపు నీ ఇంట్లో ఏమన్నా పోతే, నీ కుక్క మళ్లీ నా గడపకే గద వచ్చేది. అది ఏం చేస్తుంది, నోరులేని జీవం. ఇంగొకసారి నా వల్ల కాదు."

లోపలికి వెళ్లి, పిల్లలకు ఇమ్మని మురుకుల పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. బస్సు పోతుంది, బయలుదేరు అంది. నేను తాళంచెవి జేబులో వేసుకుని బస్‌స్టాండుకు నడిచాను.